పదకొండు కాజాలు

పిల్లల ఆస్పత్రి మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు రెండో గదిలో పనిచేసే ఆవిడను అందరూ టోపీ అక్క అంటారు. వయసు చూస్తే పెద్దమ్మ అనాలి గానీ, ఇరవై రెండేళ్ళ కిందట ఎవరో పిల్ల పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. ఆవిడ చేసేది మెదడు పరీక్ష. కోత లేదు, సూది లేదు. పిల్లల తల మీద ఇరవై ఒక్క చోట్ల వైర్లు అంటించి, అవి ఊడిపోకుండా పైన తెల్లటి వల టోపీ తొడిగి, లోపల మెదడు పుట్టించే రవ్వంత కరెంటును తెర మీద గీతలుగా ఎక్కిస్తుంది. "ఊరందరికీ టోపీ పెట్టి జీతం తీసుకునేది మా అక్కొక్కతే" అని కింద చీటీలు రాసే గుమాస్తా రోజుకొకసారైనా అంటాడు. అక్క కూడా రోజుకొకసారైనా నవ్వుతుంది. పాతికేళ్ళ కాపురంలో మొగుడి హాస్యానికి నవ్వినట్టే అది కూడా అలవాటైపోయింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి అక్క మొదటి బిడ్డ తల తుడుస్తుండగా గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. సన్నటి మనిషి, మెడలో కొలతల టేపు. తీసి పెట్టి రావడం మర్చిపోయినట్టున్నాడు. పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల, రెండు జడలు, జడకో రంగు రిబ్బను.

"చీటీ ఏది?" అంది అక్క తల తిప్పకుండానే.

"చీటీ లేదు మేడమ్. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాం."

"మాటలకైతే డాక్టరమ్మ ఉంది, కింద."

"ఆమె దగ్గరికే వెళ్ళాను మేడమ్. రిపోర్టు బాగుంది, మళ్ళీ పరీక్ష అక్కర్లేదు అన్నారు." ఆయన ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. "మూడు నెలల కింద మీరే చేశారు. అందులో ఏదైనా పొరపాటు జరిగి ఉంటుందేమోనని..."

"పొరపాటా? యంత్రానికి మీ అమ్మాయి మీద పగేమైనా ఉందా, అబద్ధం చెప్పడానికి?"

ఆయన నొచ్చుకోలేదు. కొలత సరిపోలేదని గొడవపెట్టే గిరాకీలతో వేగి వేగి వచ్చిన ఓపిక అది. "యంత్రాన్ని అనడంలేదు మేడమ్. నేను దర్జీని. బయట బల్ల మీద ఊరికే కూర్చోలేను, కుట్టిన చొక్కాలు తెచ్చుకుని గుండీలకు కాజాలు వేసుకుంటాను. చేత్తో కాజా ఒకటి వేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది నాకు, అటూ ఇటూ కాదు. ఆ రోజు మా ముందు లోపలికెళ్ళిన బాబుకి పదకొండు కాజాలు పట్టింది. మా పాప, నేను ఐదో కాజా ముడి వేయకముందే బయటికొచ్చేసింది. అదేంటో అడుగుదామని."

"మీరు నా తలకు టేపు కూడా పెట్టలేదు" అంది పిల్ల. "చూసి చుక్కలు పెట్టేశారు. మా నాన్న టేపు లేకుండా జేబురుమాలు కూడా కత్తిరించడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అక్క గొంతు లేచింది. "ఇక్కడ రోజుకి పద్దెనిమిది తలలమ్మా! నీ తలొక్కటే కాదు!" అనేసి, అన్న తర్వాత, ఎనిమిదేళ్ళ పిల్ల మీద అరిచినందుకు తనకే సిగ్గేసింది. పిల్ల మాత్రం అప్పటికే గోడ మీది కాగితం చదవడంలో పడింది.

దర్జీ గొంతు తగ్గించాడు. "బడిలో దీన్ని పరాకు అని పిలుస్తారు మేడమ్. చదువుతూ చదువుతూ ఆగిపోతుంది. పిలిస్తే పలకదు. మీ కాగితంలో అంతా బాగుందని రాసి ఉంది కదా, అంతా బాగుంటే మరి ఇది వేషాలే కదా అన్నారు టీచరుగారు. నేనూ అదే అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కొట్టాను." ఆయన వేళ్ళు మెడలో టేపును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. "కొడితే నా వైపే చూస్తూ నిలబడింది. కన్నీళ్ళు లేవు, ఏమీ లేవు. పొగరు అనుకుని రెండోది కొట్టాను. ఇప్పుడేమో శుక్రవారం లోపల ఆస్పత్రి నుంచి సరైన కాగితం తేకపోతే కింది తరగతికి దించేస్తామన్నారు. కాగితం సంగతి తర్వాత మేడమ్. ఆ రెండో దెబ్బ అప్పుడు అది అసలక్కడ ఉందా లేదా, అది తెలియాలి నాకు."

అప్పుడే పిల్ల గట్టిగా చదువుతోంది: "చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. భోజనానికి..."

ఆగిపోయింది. తల కదల్లేదు. కనురెప్పలు మాత్రం సన్నగా, వరుసగా కొట్టుకున్నాయి. పెదాల మూల ఏదో నములుతున్నట్టు ఒకటి రెండు కదలికలు. అక్క చేతిలో దూది అలాగే ఉంది. ఆవిడకు తెలియకుండానే మనసులో అంకెలు నడిచాయి. తొమ్మిది, పది, పదకొండు.

"...ముందు, తర్వాత కూడా" అని పిల్ల చదివేసింది, మధ్యలో ఏమీ జరగనట్టే.

"ఇదే మేడమ్" అన్నాడు దర్జీ.

"బుధవారం పొద్దున ఏడున్నరకు రండి" అంది అక్క. "మొదటి బిడ్డ ఎనిమిదిన్నరకు గానీ రాదు. తలంటి తీసుకురండి, నూనె మాత్రం రాయకండి. చీటీ సంగతి నేను చూసుకుంటాను."

ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీసి కూడా అన్నం ముట్టలేదు అక్క. ఎడమ చేత్తో పాత రికార్డులు వెతికింది. మూడు నెలల కిందటి తేదీ. తెర మీద పిల్ల గీతలు పరుచుకున్నాయి. కళ్ళు తెరిచినప్పుడు, కళ్ళు మూసినప్పుడు, అంతా శుభ్రంగా ఉంది. తర్వాత ఊదే భాగం.

ఈ పరీక్షలో పిల్లల చేత మూడు నిమిషాలు ఆగకుండా, లోతుగా ఊపిరి తీసి ఊదించాలి. దాక్కున్న జబ్బు ఊదినప్పుడే బయటపడుతుంది. అందుకోసం అక్క దగ్గర రంగు కాగితాలతో చేసిన గాలిచక్రం ఉంటుంది. పిల్లలు దాన్ని తిప్పాలని ఊదుతారు. ఈ పిల్ల రికార్డులో ఊదడం మొదలైన చోట గుర్తుంది. ఆగిన చోట కూడా గుర్తుంది. రెంటికీ మధ్య నలభై సెకన్లు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు రెండో యంత్రం మరమ్మతుకు వెళ్ళింది. ఇరవై ఆరు మంది పిల్లలు. గుమ్మం దగ్గర ఒక తల్లి పదినెలల బిడ్డను గంటసేపు ఊపి ఊపి నిద్రపుచ్చి నిలబడింది. ఆ బిడ్డకు నిద్రలోనే తీయాలి, లేస్తే రోజంతా వృథా. 'చాల్లే తల్లీ, దిగు' అని ఈ పిల్లను దింపేసింది అక్క. దింపింది, సరే. ఆ తర్వాత చేసిందే అసలు పని. పరీక్ష కాగితంలో 'మూడు నిమిషాలు ఊదించడం పూర్తయింది' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ టిక్కును నమ్మి డాక్టరమ్మ బాగుందని రాసింది. డాక్టరమ్మను నమ్మి బడి నమ్మింది. బడిని నమ్మి తండ్రి చెయ్యెత్తాడు. తోక పైకి లేచిన ఆ టిక్కు అక్కదే. ఇరవై రెండేళ్ళుగా అలాగే పెడుతోంది. డబ్బా మూత పెట్టేసి, పంపు కింద చేతులు కడుక్కుంది, ఏమీ తినకుండానే.

మంగళవారం డాక్టరమ్మ గదికి వెళ్ళింది. డాక్టరమ్మ అక్క కూతురి వయసుది. అక్క అంటే గౌరవమే గానీ, ఎప్పుడు చూసినా కళ్ళ ముందు రిపోర్టుల గుట్ట.

"ఆ దర్జీగారి పాపకి ఇంకోసారి తీయాలమ్మా. చీటీ రాయండి."

"బాగుందని వచ్చింది కదక్కా?"

అక్క రాత్రంతా ఒక వాక్యం తయారుచేసుకుంది. నోరు తెరిచేసరికి ఇంకొకటి వచ్చింది. "ఆ రోజు యంత్రం సరిగా పని చేయలేదమ్మా."

"అవునా? సరే అయితే." డాక్టరమ్మ చీటీ మీద 'యంత్ర లోపం, మళ్ళీ తీయాలి' అని రాసి ఇచ్చేసింది. అంత తేలిగ్గా తేలిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నదెవరోగానీ, మద్దెలకు నోరుంటే ఆ సామెత పుట్టేదే కాదు. యంత్రం పాపం తన గదిలో, తన గుడ్డ కింద, ఏమీ అనకుండా కూర్చుని ఉంది.

బుధవారం ఏడుంపావుకే తండ్రీ కూతుళ్ళు బల్ల మీద ఉన్నారు. దర్జీ అప్పటికే సంచీలోంచి నీలం చొక్కా తీసి సూదిలో దారం ఎక్కించాడు. అక్క చూసీ చూడనట్టు పిల్లను లోపలికి తీసుకెళ్ళింది.

ఈసారి టేపు తీసింది. ముక్కు మొదట్లోని పల్లం నుంచి, నడినెత్తి మీదుగా, వెనక మెడ పైన ఎముక బొడిపె దాకా. తర్వాత ఈ చెవి నుంచి ఆ చెవికి. కొలిచిన చోటల్లా ఎర్ర మైనపు పెన్సిలుతో చుక్క.

"ఎంతొచ్చింది?" అంది పిల్ల.

"ముప్పై నాలుగు సెంటీమీటర్లు."

"నాన్న చొక్కా కాలరు ముప్పై తొమ్మిది" అంది పిల్ల, వృత్తి రహస్యం చెబుతున్నంత గంభీరంగా.

జుట్టు పాయలుగా విడదీసి, ఇసకలా గరగరలాడే లేపనంతో చుక్క చుక్కనూ రుద్ది, పేస్టు ముద్ద పెట్టి, వైరు అంటించి, పైన గుడ్డ ముక్క. ఒకటి, రెండు, మూడు... ఇరవై ఒకటి. తెర మీద ఏ వైరుకు అంటు సరిగ్గా కుదరలేదో ఎర్రగా చూపిస్తుంది. రెండు ఎర్రగా ఉన్నాయి. మామూలుగా అయితే 'పర్లేదులే' అనేది. ఇవాళ ఊడదీసి మళ్ళీ అంటించింది.

"అక్కా, నా మెదడులో ఏమనుకుంటున్నానో దీన్లో కనిపిస్తుందా?"

"కనిపించదు. ఎలా కొట్టుకుంటుందో కనిపిస్తుంది, అంతే."

"హమ్మయ్య" అంది పిల్ల. ఏం దాచిపెట్టుకుందో అక్క అడగలేదు.

కళ్ళు తెరిచి ఐదు నిమిషాలు. మూసి ఐదు నిమిషాలు. గీతలు నెమ్మదిగా, వరస తప్పకుండా నడిచాయి. అక్క లేచి గాలిచక్రం పిల్ల ముందు పట్టుకుంది, ఇంకో చేత్తో గడియారం.

"ఊదు. ఆపకు. నేను చెప్పేదాకా ఇది తిరుగుతూనే ఉండాలి."

చక్రం గిర్రున తిరిగింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసిపోయాయి. అర నిమిషం. నలభై సెకన్లు. అక్కడే కదా తను దింపేసింది. నిమిషం. నిమిషం పది.

చక్రం నెమ్మదించింది. రంగులు విడివిడిగా కనబడ్డాయి. ఆగిపోయింది.

అక్క తెర వైపు చూసింది. ఇరవై ఒక్క గీతలూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. మొనదేలిన అల, వెనకే గుండ్రటి అల, సెకనుకు మూడు చొప్పున, ఈ చివర నుంచి ఆ చివర దాకా. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఇలాంటప్పుడు ఒక మాట చెప్పి, తేరుకున్నాక ఆ మాటేమిటో అడగడం పద్ధతి. గుర్తుంటే బిడ్డ ఇక్కడున్నట్టు, లేకపోతే లేనట్టు.

"గొడుగు" అంది అక్క.

పన్నెండు సెకన్లకు గీతలు ఒక్కసారిగా సర్దుకున్నాయి. పిల్ల ఊపిరి పీల్చి మళ్ళీ ఊదింది. చక్రం తిరిగింది.

రెండు నిమిషాల ఇరవై దగ్గర మళ్ళీ ఆగింది. మళ్ళీ అలలు. అక్క వంగి ఆ కళ్ళలోకి దగ్గరగా చూసింది. దర్జీ చెయ్యెత్తినప్పుడు ఈ పిల్ల ఇలాగే చూస్తూ ఉండి ఉంటుంది. ఈసారి గొడుగు అనలేదు ఆవిడ.

"తప్పు నాదమ్మా" అంది. "ఆ రోజు నీకు సగంలోనే ఆపేశాను. నీది వేషం కాదు, తప్పు నాది."

గీతలు సర్దుకున్నాయి. మూడు నిమిషాలూ పూర్తయ్యాయి. అక్క గాలిచక్రం పక్కన పెట్టింది.

"ఊదేటప్పుడు నీకొక మాట చెప్పాను. ఏం మాటో చెప్పు."

పిల్ల ఆలోచించింది. "ఊదు, ఆపకు అన్నారు."

"ఇంకా?"

"ఇంకేం అనలేదే!"

అక్క కుర్చీలో కూలబడింది. ఇంత బరువు దించుకున్నానే అనుకున్న మాట ఎక్కడా చేరలేదు. చేరదని తెలిసే కదా ఆ సందు చూసుకుని చెప్పింది! వినలేని మనిషికి చెప్పిన క్షమాపణ ఎంత సుఖంగా ఉంటుందో ఆవిడకు అప్పుడే తెలిసింది, తెలిసి తన మీద తనకే ఒళ్ళు మండింది.

వైర్లు తీసి, గోరువెచ్చటి నీళ్ళతో తల తుడిచి తలుపు తీసేసరికి దర్జీ దారం పంటితో తెంపుతున్నాడు.

"పదకొండు" అన్నాడు, చొక్కాలు మడుస్తూ. ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు, ఆశ ఉంది.

అక్క పిల్లను బయట బల్ల మీద కూర్చోబెట్టి కబురు చేస్తే, డాక్టరమ్మ పైకి వచ్చి, తెర మీది గీతలు రెండుసార్లు వెనక్కి జరిపి చూసి, దర్జీ వైపు కుర్చీ తిప్పింది. "ఇది ఒక రకం మూర్ఛ అండీ. పడిపోవడం, కొట్టుకోవడం ఉండదు. పది పన్నెండు సెకన్లు పాప ఇక్కడ ఉండదు, అంతే. అప్పుడు మీరు పిలిచినా వినపడదు, తిట్టినా వినపడదు. రోజుకి ఎన్నిసార్లు వస్తోందో! మాత్రలు రాస్తాను. ఈ వయసు పిల్లల్లో చాలామందికి బాగా తగ్గుతుంది. పెద్దయ్యేకొద్దీ పూర్తిగా పోయేవాళ్ళే ఎక్కువ."

"కొట్టినా?" అన్నాడు దర్జీ.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. "పాపకు తెలియదు" అంది అక్కే. "అప్పుడు పాప అలా ఆగిపోయి ఉంటే, తను అక్కడ లేదు."

ఆయన కిందకు చూస్తూ తల ఊపాడు. ఆయన సంచీ కుట్టు మీద నీళ్ళ చుక్క పడింది, బొటనవేలితో తుడిచేశాడు.

బడికి కాగితం రాసే ముందు డాక్టరమ్మే ప్రధానోపాధ్యాయురాలికి ఫోను చేసింది, అందరికీ వినపడేటట్టు పెట్టి. అవతలి గొంతు చెడ్డది కాదు, అలిసిపోయింది. "మొన్న బాగుందన్నారు డాక్టరుగారూ, ఇవాళ జబ్బంటున్నారు. యంత్రం చెడిందంటున్నారు. ఇవాళ మాత్రం యంత్రం బాగుందని నమ్మకమేమిటి? తరగతికి నలభై ఎనిమిది మంది. రేపు మళ్ళీ ఇంకో మాటంటే టీచరుకి నేనేం చెప్పాలి?"

అడిగినదాంట్లో తప్పేముంది? దర్జీ మొహంలో ఇందాకటి ఆశ తగ్గిపోవడం అక్క చూసింది. రెండు కాగితాలూ ఒకే యంత్రంవి. ఎవరో ఒకరు మొదటిదాన్ని చంపితే గానీ రెండోది బతకదు.

"యంత్రం చెడలేదండీ" అంది అక్క ఫోను దగ్గరికి వంగి. "పరీక్ష చేసిన మనిషిని నేనే. మూడు నిమిషాలు ఊదించాల్సింది, నలభై సెకన్లు ఊదించి దింపేశాను. దింపేసి పూర్తయిందని టిక్కు పెట్టాను. డాక్టరమ్మకు తెలియదు. ఇవాళ మూడు నిమిషాలూ చేశాను, జబ్బు రెండుసార్లు కనబడింది. కావాలంటే మీరే వచ్చి చూడండి, చూపిస్తాను."

దర్జీ తలెత్తి అక్క వైపు చూశాడు.

"ఇది... కాగితం మీద రాసిస్తారా?" అంది అవతలి గొంతు.

"రాసి సంతకం పెడతాను."

"అయితే సరే. దించే మాట వదిలేస్తాం." తర్వాత, కొంచెం ఆగి, "ఆ పాపను చాలాసార్లు వరండాలో నిలబెట్టామండీ. మరి తరగతిలో అలా ఆగిపోతే ఏం చేయాలి మేము?"

"ఏమీ చేయొద్దమ్మా. పన్నెండు అంకెలు లెక్కపెట్టి, చెప్పిన మాటే మళ్ళీ ఒకసారి చెప్పండి. చాలు."

ఫోను పెట్టేశాక డాక్టరమ్మ చాలాసేపు అక్క వైపే చూసింది. ముందు కోపం, తర్వాత ఇంకేదో. "పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారక్కా. నిన్న నాకైనా చెప్పొచ్చు కదా!"

"నిన్న ధైర్యం చాలలేదమ్మా. అడగనివ్వండి. రోజుకి పద్దెనిమిది తలలంటే టేపు పెట్టడానికి కూడా టైం ఉండదని అప్పుడు వాళ్ళకీ చెప్తాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

డాక్టరమ్మ కలం తీసింది. "ఆ ముక్క కింద నా సంతకం కూడా పెడతాను" అంది.

ఎనిమిదిన్నరకు రావలసిన పిల్లవాడి తల్లి అప్పటికే గుమ్మంలో తొంగిచూస్తోంది. టోపీ అక్క ఆమెకు రెండు నిమిషాలని వేలు చూపించి, బయట బల్ల దగ్గరికి వెళ్ళింది. పిల్ల కాళ్ళు ఊపుతూ కూర్చుంది. జుట్టులో అక్కడక్కడ పేస్టు ఇంకా తెల్లగా ఉంది. అక్క ఆ పక్కనే కూర్చుని, ఆ కళ్ళలోకి ఒకసారి జాగ్రత్తగా చూసింది.

"లోపల నీకు ఒక మాట చెప్పానన్నాను కదా. మళ్ళీ చెప్తాను. మొదటిసారి నీ పరీక్ష నేను సగంలో ఆపేశాను. అందుకే అందరూ నీది వేషం అనుకున్నారు. నీది వేషం కాదు. తప్పు నాది."

పిల్ల కాళ్ళు ఊపడం ఆపింది. పెద్దవాళ్ళు ఇలా మాట్లాడటం ఎప్పుడూ వినలేదేమో, రిబ్బను కొస తిప్పింది. "టేపు కూడా పెట్టలేదు" అంది చివరికి.

"టేపు కూడా పెట్టలేదు" అని ఒప్పుకుంది అక్క.

"ఇవాళ పెట్టారుగా" అంది పిల్ల. అంతటితో ఆ వ్యవహారం తేలిపోయినట్టు మళ్ళీ కాళ్ళు ఊపింది.

అక్క లేచి గుమ్మం దాకా వెళ్ళింది. జేబులోంచి టేపు తీసి, పిల్లవాడి తల్లిని లోపలికి రమ్మంది. తలుపు వేయబోతూ వెనక్కి చూస్తే, దర్జీ సంచీ కింద పెట్టి, కూతురి ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. పిల్ల మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. ఆ కళ్ళలోకి అటూ ఇటూ చూశాడు.

"బుజ్జీ, ఇక్కడే ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను నాన్నా" అంది పిల్ల. "చెప్పు."